మచ్చ లేని మనిషి

కార్డిఫ్‌లో మూడు రోజులుగా ఒకటే ముసురు.
స్టూడియో గోదాంలో అట్టపెట్టె విప్పితే
ముప్ఫై ఏళ్ల కిందటి సైలస్ వెరెకర్
ముక్కలు ముక్కలుగా బయటికొచ్చాడు:
చెవి దగ్గర మొదలై పెదవి కొసన ఆగే రబ్బరు గాటు,
విరిగిన పాల రంగు గాజుకన్ను,
నేనే వంకర పెట్టిన ముక్కు, దాని మీద నా వేలిముద్ర.

పాత కథల్లో వాడు గుమ్మంలోకి రాకముందే
కర్ర చప్పుడు వచ్చేది.
మొదటి పేజీలోనే చదివేవాళ్లకి తెలిసిపోయేది.
పాపం ఆ డిటెక్టివ్ ఒక్కడికే
ఇరవయ్యో అధ్యాయం దాకా తెలిసేది కాదు.

"ఇవేవీ వద్దు," అంది నెరిస్.
కొత్త సీరియల్ రాస్తున్న పిల్ల, ఇరవై తొమ్మిదేళ్లు,
పెన్సిల్ జడలో దోపుకుని మరిచిపోయి
బల్లంతా వెతుకుతుంటుంది.
"కర్ర తీసెయ్. కన్ను తీసెయ్. గాటు తీసెయ్."
మరి మిగిలేదేమిటి?
"బూడిదరంగు స్వెటరు. మంచి పలువరస.
ఊడ్చేవాళ్ల పిల్లల పేర్లు కూడా గుర్తుంచుకునే మనిషి."

ఈ వెరెకర్ విషం కలపడు.
వృద్ధాశ్రమాల లెక్కలు చూస్తాడు.
జనవరిలో, ఒక పట్టికలో, ఒక గడిలో,
ఇరవై ఒకటి కొట్టేసి పదహారు వేస్తాడు.
హీటర్లు మాట వింటాయి.
మార్చికి మంచాలు ఖాళీ.
ప్రతి కుటుంబానికీ స్వయంగా ఉత్తరం రాస్తాడు,
సంతకం సిరాతో.

ఎక్కడ దొరికాడే నీకు వీడు, అన్నాను.
టీ చల్లారేదాకా మాట్లాడలేదు.
తర్వాత కిటికీ వైపు తిరిగి:
"నాన్న పోయాక మెర్థిర్‌లో మా ఇంటికి ఒకాయన వచ్చాడు,
పింఛను కాగితాల మీద అమ్మ సంతకం కోసం.
తివాచీ మాసిపోతుందని
గుమ్మం దగ్గరే బూట్లు విప్పాడు.
సాక్సుకి చిన్న చిల్లు.
అది చూసి అమ్మకి జాలేసింది.
సంతకం పెట్టేసింది.
ఆయన వెళ్లాక, మచ్చలేని మనిషి, అంది."

ఆ చిల్లు కథలోకి వచ్చేసింది.
దాన్ని కుట్టొద్దని దుస్తుల వాళ్లకి చీటీ కూడా వెళ్లింది.

నా సంగతి చెప్పలేదు కదూ.
ఎడమ చెంప మీద పుట్టుమచ్చ,
ద్రాక్షసారా ఒలికినట్టు, మెడ దాకా.
బడిలో నా పేరుతో నన్నెవరూ పిలవలేదు.
"వెరెకర్ వస్తోంది, పరిగెత్తండ్రా!"
నేనూ వాళ్లతో పాటే పరిగెత్తేదాన్ని,
ఎవర్నించో తెలియకుండా.
పెద్దయ్యాక గాట్లు అతకడమే బతుకుతెరువైంది.
విడ్డూరం అనండి, కక్ష అనండి,
జీతం మాత్రం బాగుండేది.

ఇప్పుడు ఫిన్లే ట్రెమెయిన్ నా కుర్చీలో కూర్చుంటాడు.
నుదుటి మెరుపు తగ్గిస్తాను, నాలుగు నిమిషాల పని.
మిగతా గంటా కబుర్లు:
వాళ్ల ముసలి కుక్కకి రెండు పళ్లు పీకించాలట.
కెమెరా తిరగ్గానే అదే గొంతుతో,
కుక్క గురించి చెప్పిన ఆ గొంతుతోనే,
"క్షమించండి, నా చేతుల్లో ఏమీ లేదు," అంటాడు.
నా చేతిలో పౌడరు కుంచె ఆగిపోతుంది.
ఈ మాటకి
గాటు ఎక్కడ పెట్టను?

ప్రసారానికి ముందురోజు రాత్రి బస్‌స్టాపులో
గాజు గోడ నిండా వాడి నవ్వు, వెనక దీపం.
ఒక పాప నా చెంప చూసింది,
తల్లి కోటు చాటుకి జరిగింది.
అక్కడ్నించే తొంగి చూసి
పోస్టరులో వాడికి చెయ్యి ఊపింది.

ఏం చేస్తాం.
ఆ పాప తొమ్మిదికల్లా పడుకుంటుంది.
మా సీరియల్ పదింటికి.